రాత్రి పెరిగితే ఒక రంగు, నీరు తగ్గితే ఒక రంగు

వీధిదీపం వెలుగు పడే గేటు పక్కన చామంతి నాటి చూడండి. మొక్క ఏపుగా ఎదుగుతుంది, ఆకు నిగనిగలాడుతుంది, సంక్రాంతి వచ్చి వెళ్లిపోతుంది. మొగ్గ జాడ మాత్రం కనిపించదు. అదే తల్లిమొక్క పిలకను పెరట్లో చీకటి మూల నాటితే కార్తీకం దాటేసరికి మొగ్గల బరువుకి కొమ్మలు వంగిపోతాయి. మట్టి ఒకటే, ఎరువు ఒకటే, పోసే చెయ్యీ ఒకటే. ఉన్న తేడా అంతా చీకటిలోనే ఉంది.

చామంతి రాత్రి పొడవును కొలుస్తుంది. ఆ కొలత ఆకుల్లో జరుగుతుంది. రాత్రి తగినంత పొడవైందని తేలాకే కొమ్మ చివరికి మొగ్గ తొడగమని కబురు వెళుతుంది. నడిరాత్రి కాసేపు దీపం వెలిగినా లెక్క చెదిరిపోతుంది. ఒక పొడవాటి రాత్రి, మొక్క దృష్టిలో, రెండు పొట్టి రాత్రులైపోతుంది. ఈ సంగతిని శాస్త్రంగా నిలబెట్టింది 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్తలు. వాళ్ల దగ్గర ఒక పొగాకు రకం ఉండేది. వేసవంతా ఆకులేస్తూ మనిషిని మించి పెరిగేది కానీ పూతకు వచ్చేది కాదు. దాన్ని రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి పగటిని పొట్టి చేస్తే వేసవిలోనే పూసింది. పగటికన్నా రాత్రే అసలు కొలమానమని తరువాతి పరిశోధకులు తేల్చారు.

రైతులకు ఈ లెక్క బాగా తెలుసు. హోసూరు, చిక్కబళ్లాపురం వైపు రాత్రిపూట ప్రయాణించేవారికి పొలాల్లో బల్బుల వరుసలు తోరణాల్లా కనిపిస్తాయి. అవి చామంతి తోటలు. పూత ఇప్పుడే వద్దు, పండక్కి రావాలి అనుకున్నప్పుడు రైతు రాత్రిని దీపంతో తుంచేస్తాడు. కావలసిన రోజుకి లెక్క చూసుకుని దీపాలు తీసేస్తాడు.

హైదరాబాద్‌లో జూన్ మూడో వారంలో పగలు 13 గంటల పైచిలుకు ఉంటుంది. డిసెంబరు మూడో వారానికి అది 11 గంటలకు దిగుతుంది. ఆ తేడా రెండు గంటలే. ‘పొద్దు త్వరగా వాలిపోతోంది’ అని మనం ఒక మాట అనుకుని ఊరుకుంటాం. పెరట్లో చామంతికి, కిటికీలో పాయిన్‌సెట్టియాకి ఆ రెండు గంటలే పండగ.

తోట పెంచేవాళ్లు ముందు పట్టుకోవలసిన సూత్రం ఇదేనని నా నమ్మకం. తెలుగునేల మీద చలికాలపు పూతను నడిపేది ప్రధానంగా పెరిగే రాత్రి, వెనక్కి తగ్గిన వాన. చలి వాటికి తోడు వస్తుందంతే. వసంతపు రంగును నడిపేది ఇంకొకటి, మట్టి ఎండటం. ఈ రెండూ తెలిసినవాళ్లు డిసెంబరులో పూలకుండీలు కొనుక్కోవడానికి పరుగెత్తరు. ఆషాఢంలోనే పని మొదలుపెడతారు.

ఏ ఊరి చలి ఆ ఊరిదే

విత్తనాల పొట్లాం వెనక ‘అక్టోబరులో విత్తుకోవాలి’ అని ఉంటుంది. ఆ మాట ఏ ఊరికి అన్నది మాత్రం ఉండదు. తెలంగాణలో దసరా, దీపావళి మధ్య ఆకాశం తేటపడుతుంది. అక్టోబరు రెండో వారంలో నారు పోసినా ఢోకా లేదు. కోస్తాలో అదే అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనమే అసలు వానకాలం. అక్కడ అక్టోబరులో పెటూనియా విత్తితే పొడిలాంటి ఆ గింజలు మొదటి వానకే కొట్టుకుపోతాయి. ముసురు తగ్గేదాకా ఆగాలి, లేదా వాన పడని వసారాలో నారు పెంచి కుండీలోకి మార్చుకోవాలి.

చలి కూడా అంతే. ఆదిలాబాద్‌లో, లంబసింగిలో తెల్లవారుజామున నీళ్లు ముట్టుకోలేం. విజయవాడలో, కాకినాడలో డిసెంబరు రాత్రి కూడా ఉష్ణోగ్రత తరచూ 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. పాన్సీ, డెల్ఫీనియం లాంటివి నిజంగా చల్లని రాత్రుల్ని కోరుకుంటాయి. ఏజెన్సీలోనో, ఉత్తర తెలంగాణలోనో అవి కళకళలాడతాయి. కోస్తా డాబా మీద కాడలు సాగి, పూలు చిన్నవై, ఫిబ్రవరికే డీలాపడతాయి. కోస్తావాళ్లు ఆ డబ్బుతో బంతి, జినియా, కాస్మోస్, పెటూనియా వేసుకుంటే కంటికి నిండుగా ఉంటుంది.

చలికాలంలో ఒక నేలంతా రంగు తేలడం చూడాలంటే కార్తీకంలో అరకు వెళ్లాలి. వలిసె చేలు విరబూసి కొండల అంచు దాకా పసుపు పరుచుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ చూపులకోసం వేయలేదు. నూనె కోసం గిరిజన రైతులు వేసిన పంట అది. వాన వెనకబడే వేళకు విత్తనం పడి, రాత్రులు పెరిగేవేళకు పూతకు వస్తుంది. ఫొటోల కోసం చేలోకి దిగి మొక్కలు తొక్కే జనం, అది ఒకరి తిండిగింజ అన్న సంగతి గుర్తుంచుకుంటే బాగుండు.

కుండీలవాళ్లు ఇంకొకటి గమనించాలి. సూర్యుడు మార్గశిరం, పుష్యాల్లో దక్షిణానికి బాగా ఒరుగుతాడు. డిసెంబరు మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఎండ దాదాపు సగం ఆకాశం ఎత్తు నుంచే ఏటవాలుగా పడుతుంది. అందుకే దక్షిణపు బాల్కనీలోకి లోపలి గోడ దాకా ఎండ వస్తుంది, ఉత్తరపు బాల్కనీకి చుక్క ఎండ ఉండదు. మే నుంచి ఆగస్టు మొదటిదాకా ఇది తిరగబడుతుంది. ఏడాదంతా కుండీలను ఒకేచోట ఉంచి ‘మా ఇంట్లో ఏదీ పూయదు’ అనుకునే ఇళ్లలో చాలాసార్లు కుండీ నాలుగడుగులు జరిపితే సరిపోతుంది. చలిపూలకు దక్షిణం, తూర్పు. ఉత్తరంలో ఆకుల మొక్కలు పెట్టుకోవచ్చు.

చామంతి: ఎనిమిది నెలల పని, మూడు నెలల పూత

పూలు అయిపోయిన చామంతిని పారేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మాఘం చివర పూసిన కాడలను మట్టికి జానెడు ఎత్తులో కత్తిరిస్తే మొదలు చుట్టూ పిలకలు తలెత్తుతాయి. వచ్చే ఏటి తోటంతా ఆ పిలకల్లోనే ఉంది. ఎండాకాలం గట్టెక్కించడమే కష్టం. మధ్యాహ్నం ఎండ తగలని చోట, మట్టి తడి ఆరకుండా, అలాగని నీళ్లు నిలవకుండా కాపాడాలి. చామంతి వేరుకి నీరు నిలిస్తే గండం. కుళ్లు పడితే రెండు రోజుల్లో మొక్క వాలిపోతుంది. మళ్లీ లేవదు.

తొలకరి పడ్డాక, జూన్ చివర్లోనో జులైలోనో పిలకలను వేరుతో విడదీసి నాటుకోవచ్చు. లేత కొమ్మ చివరలను వేలెడు పొడవున తుంచి ఇసుకలోనో కొబ్బరిపొట్టులోనో గుచ్చినా రెండు మూడు వారాల్లో వేరుపోస్తాయి. తుంచిన కొమ్మకు తల్లి వేర్ల తెగులు అంటదు కాబట్టి నాకు ఆ పద్ధతే ఇష్టం. మట్టిలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి ఉంటే చాలు. నల్లరేగడిని ఒట్టిగా కుండీలో నింపితే వానకి ముద్దై, ఎండకి బిగిసి, వేరుకి ఊపిరాడదు.

ఇక తలలు తుంచడం. ఇది చేయడానికి మనసొప్పదు, చేయకపోతే పూలు రావు. నాటిన నెలకి చిగురు చివరను గోటితో గిల్లేస్తే పక్క కొమ్మలు వస్తాయి. ఆ పక్క కొమ్మలు నాలుగైదు ఆకులు వేశాక వాటినీ గిల్లాలి. ఒక్క కాడగా పెరగబోయిన మొక్క గుబురవుతుంది, ప్రతి కొసా రేపటి పూగుత్తి అవుతుంది. అయితే వినాయక చవితి దాటాక గోరు పెట్టకూడదు. ఆపై రాత్రులు పెరిగి మొగ్గ కట్టే వేళ వచ్చేస్తుంది, అప్పుడు గిల్లితే పూతనే గిల్లినట్టు. చిట్టి చామంతిని గుబురుగా వదిలేస్తే అందం. కొప్పున పెట్టుకునే పెద్ద పూవు కావాలంటే కొమ్మకి ఒక మొగ్గ ఉంచి పక్క మొగ్గలు తీసేయాలి.

మొగ్గ కనబడ్డాక నత్రజని ఎక్కువున్న ఎరువు ఆపేయాలి, లేకపోతే బలమంతా ఆకుకే పోతుంది. చలి మబ్బుల్లో లేత కాడల నిండా నల్లగా పేను పడుతుంది. ముందు నీళ్లు చిమ్మి కడగాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లాలి. నీళ్లు పొద్దున్నే, మొదట్లోనే పోయాలి. ఆకు రాత్రంతా తడిగా ఉంటే మచ్చలు తప్పవు. కాడకు పుల్ల ఊతం మొగ్గ బరువెక్కకముందే కట్టుకోవాలి.

బంతికి తొందర, డిసెంబరాలకు ఓపిక

బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబరు మొదట్లో పెద్దల్ని తలుచుకునే పండక్కి సమాధుల నిండా ఈ పూలే పరుస్తారు. యూరప్ వర్తకుల ఓడలు సముద్రాలు దాటించాక ఈ పువ్వు మన గడపల మీద ఎంతగా స్థిరపడిందంటే, బంతి లేని సంక్రాంతిని మనం ఊహించుకోలేం. ధనుర్మాసమంతా ముంగిట్లో గొబ్బెమ్మ నెత్తిన గుమ్మడిపువ్వో బంతిపువ్వో ఉండాల్సిందే.

చామంతిలా దీనికి ఎనిమిది నెలల సేవ అక్కర్లేదు. గింజ పడ్డాక రెండు, రెండున్నర నెలల్లో పువ్వు చేతికొస్తుంది. సంక్రాంతికి పూలు కావాలంటే అక్టోబరు మొదటి పక్షంలో నారు పోసి, 25 రోజుల మొక్కను మార్చి నాటి, వారం పది రోజులకు తల గిల్లేస్తే సరి. పొట్టి రేకబంతి కుండీకి, నిలువెత్తు ముద్దబంతి నేలకి. బంతి వేర్లు విడిచే పదార్థానికి వేర్లను పట్టే నులిపురుగులు అణగుతాయి. అందుకే టమాటా, వంగ వేసిన మడిలో మధ్య మధ్య బంతి వేస్తారు. ఒకే మడిలో కూరా పూలూ రెండూ చూసుకోవచ్చు.

విత్తనం దాచుకునేవాళ్లు ఒక తేడా తెలుసుకోవాలి. హైబ్రిడ్ పొట్లాం నుంచి వచ్చిన బంతి గింజ మళ్లీ అదే పూవునివ్వదు. పాత ఊళ్లలో తరతరాలుగా దాచుకుంటున్న నాటు ముద్దబంతి ఇస్తుంది. చెట్టు మీదే బాగా ఎండిన పూవు కోసి, నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లంలో పేరు, నెల రాసి పెట్టుకోండి.

డిసెంబరాల గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. ఊదా, తెలుపు, ఊదా మీద తెల్ల చారలు. ఈ పూలు ఒకప్పుడు చలికాలపు జడల్లో చామంతితో పోటీపడేవి. ఈ పొద రెండు మూడడుగులు పెరుగుతుంది, పెద్దగా పురుగు పట్టదు, ఎండాకాలం మాడినట్టే ఉండి వాన పడగానే చిగురిస్తుంది. పసుపుపూల ముళ్లగోరింట దీనికి సొంత చుట్టమే. ఇంటి సరిహద్దున వేస్తే కంచెకు కంచె, పూతకు పూత. ఇంత మంచి మొక్క కోసం నేటి పెద్ద నర్సరీల్లో వెతుక్కోవలసి వస్తోంది. కుండీలో చూడగానే కొనాలనిపించేంత ఆర్భాటం లేకపోవడమే కారణమని నా ఉద్దేశం. అది పూసేదాకా ఎవరి కంటా పడదు, పూసినప్పుడు కళ్లు తిప్పుకోనివ్వదు. ఊళ్లో పెద్దమ్మల పెరట్లో, గుడి వెనక ఇంకా ఉంది. అడిగితే కొమ్మ విరిచి ఇస్తారు. వానల్లో గుచ్చితే బతుకుతుంది, నవంబరులో పూత మొదలవుతుంది. జనవరి దాటాక సగానికి కత్తిరించి వదిలేయండి, మళ్లీ వానలదాకా అది మిమ్మల్నేమీ అడగదు.

తక్కిన వాటిలో గులాబీ మాట ఒక్కటి. అక్టోబరులో కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే సుమారు 45 రోజులకు పూత వస్తుంది. మన దగ్గర గులాబీ తన అసలు సైజు, అసలు రంగు చూపించేది డిసెంబరు, జనవరుల్లోనే.

కడియం నుంచి వచ్చే కుండీ

రాజమహేంద్రవరం దాటి జాతీయ రహదారి మీద కడియపులంక చేరేసరికి రెండు వైపులా పచ్చదనం రోడ్డు మీదికి వస్తుంది. గోదావరి ఒండ్రుమట్టి, కాలువ నీళ్లు, అంటుకట్టే చేతులు. ఈ మూడూ కలిసి కడియం చుట్టుపక్కల ఊళ్లను దేశమంతటికీ మొక్కలు పంపే చోటుగా మార్చాయి. చలికాలం వస్తే అక్కడి మళ్లు పెటూనియా, డయాంథస్, సాల్వియా, బంతి రంగులతో చారలు చారలుగా కనిపిస్తాయి. కొత్త సంవత్సరానికి కొన్ని నర్సరీలు మొక్కలతోనే బొమ్మలు, అక్షరాలు పేర్చి సందర్శకులకు చూపిస్తాయి. ఏ ఊరి నర్సరీలో కుండీ కొన్నా అది కడియంలో కన్ను తెరిచి ఉండే అవకాశం ఎక్కువ.

కొనేటప్పుడు విరబూసిన కుండీ మీదికి చెయ్యి పోతుంది. దాని పక్కన నాలుగు మొగ్గలతో, పొట్టిగా, దట్టంగా ఉన్నది తీసుకోండి. నిండుగా పూసిన మొక్క తన సత్తువంతా వాడేసుకుంది. లారీ ప్రయాణం, కొత్త ఇల్లు, కొత్త నీళ్లు కలిసి దానికి పెద్ద దెబ్బ. కుండీ అడుగు చూడండి. కన్నంలోంచి వేరు కాస్త తొంగిచూస్తే మంచిదే. చుట్టలు చుట్టుకుని బయటికి వేలాడుతుంటే అది ఇరుకులో చాలాకాలం ఉన్న మొక్క. ఆకు కింద వైపు తిప్పి చూడండి. తెల్లదోమ, నల్లి ఉండేది అక్కడే. ఇంటికి తెచ్చిన రోజే మట్టి మార్చకుండా, రెండు మూడు రోజులు నీడపట్టున ఉంచి, ఆ తరువాత పెద్ద కుండీలోకి మార్చండి.

గింజ నుంచి పెంచే ఓపిక ఉంటే పెటూనియాకి మించిన సరదా లేదు. గ్రాముకి దాదాపు 10 వేల గింజలు. ఇసుకలో కలిపి జల్లాలి, మట్టి కప్పకూడదు. మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. పైనుంచి నీళ్లు పోయకుండా, పళ్లెంలో నీళ్లుంచి కింద నుంచి తడి పీల్చుకోనివ్వాలి. పూత మొదలయ్యాక వాడిన ప్రతి పువ్వునూ కాయ కట్టకముందే తుంచాలి. ఏడాదిలో బతుకు ముగించుకునే ఈ మొక్కలన్నిటికీ గింజ కట్టడమే గమ్యం. దాన్ని అందనివ్వకపోతే అవి మళ్లీ మళ్లీ పూస్తాయి. మార్చి ఎండకి ఎంత నీడ పట్టినా పోతాయి. పోనివ్వండి, వాటి కాలం అంతే.

రంగుల పొందికపై పుస్తకాల్లో చాలా సూత్రాలుంటాయి. నేను పట్టుకునేది ఒక్కటే. మన చలికాలపు ఎండ పసుపుగా ఉంటుంది, ఆ ఎండలో ఊదా, నీలం పూలు లోతుగా కనిపిస్తాయి. బంతి పసుపు పక్కన డిసెంబరాల ఊదా, మధ్యలో కాస్త తెల్ల చామంతి ఉంటే ఇరుకు వసారా కూడా వెడల్పుగా తోస్తుంది. పది రకాలు ఒక్కొక్కటి చొప్పున పెట్టడం కన్నా మూడు రకాలు గుంపులుగా పెట్టడం నిండుదనం.

మట్టి ఎండితే పూసేవి

పుష్యం దాటి మాఘంలో పడగానే తోట తీరు మారిపోతుంది. వాన వెళ్లి మూడు నెలలైంది, గాలిలో తేమ లేదు, చెట్లు ఆకు రాలుస్తున్నాయి. చామంతి వెనక్కి తగ్గుతుంది. ఇప్పుడు పూసేవాటికి దాహమే సైగ.

కాగితం పూలను చూడండి. ఏడాదంతా నీళ్లు పోసి, ఎరువు వేసి, అపురూపంగా పెంచిన మొక్క ఆకులే వేస్తుంది. ఎవరూ పట్టించుకోని పాత గోడ మీద తీగ ఫిబ్రవరి నుంచి మే దాకా మండుతూనే ఉంటుంది. రంగుగా కనిపించే ఆ రేకులు నిజానికి పూలు కావు, ఆకులు రూపం మార్చుకున్నవి. అసలు పువ్వు వాటి మధ్య సన్నటి గొట్టంలా, తెల్లగా ఉంటుంది. అందుకే ఆ రంగు వారాలకొద్దీ వాడదు.

ఈ మొక్క పేరు వెనక ఒక స్త్రీ కథ ఉంది. ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ ప్రపంచం చుట్టిరావడానికి బయలుదేరిన ఓడల్లో కొమ్మర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త ఉన్నాడు. 1767లో రియో డి జనీరోలో ఈ తీగ వాళ్ల కంటబడింది. కొమ్మర్సన్ సహాయకుడిగా ఓడెక్కిన యువకుడు నిజానికి జాన్ బారే అనే యువతి. ఓడల్లో ఆడవాళ్లకు చోటు లేని రోజుల్లో మగవేషం వేసుకుని వెళ్లింది. కాలినొప్పితో బాధపడుతున్న కొమ్మర్సన్ బదులు ఆ కొమ్మ కోసింది ఆమే కావచ్చని కొందరు చరిత్రకారులు అంటారు. మనకు తెలిసినంతలో భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీ ఆవిడ. తీగకి మాత్రం నావికుడి పేరు దక్కింది.

దీన్ని పూయించడం నిగ్రహంతో కూడిన పని. వానలు ఆగాక అక్టోబరు చివర పొడవాటి కొమ్మలు కత్తిరించండి, పూత కొత్త కొమ్మల మీదే వస్తుంది. చిగురు వచ్చి గట్టిపడ్డాక నీళ్లు తగ్గించండి. ఆకులు కాస్త వడలేదాకా ఆగి, అప్పుడు మాత్రమే పోయండి. ఇలా మూడు నాలుగు విడతలు చేస్తే కొసలు రంగు తిరుగుతాయి. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. కుండీ ఇరుకుగా ఉన్నా ఫర్వాలేదు, ఇంకా మంచిది. యూరియా దగ్గరికి రానివ్వకండి. పెద్ద గేటు మీదికి, గోడ మీదికి ఇంకేదైనా తీగ కావాలంటే పైరోస్టీజియా ఉంది. బ్రెజిల్ నుంచి వచ్చింది. జనవరి, ఫిబ్రవరుల్లో నారింజ రంగు గొట్టాల గుత్తులు ఆకు కనిపించనంతగా వేలాడతాయి. బరువెక్కే తీగ కనుక బలమైన పందిరి వేయాలి.

చెట్ల విషయానికొస్తే, శిశిరం మన నేలకి అసలైన రంగుల కాలం. ఆకులన్నీ రాల్చుకున్న మోదుగు కొమ్మ నిండా ఎర్రటి నారింజ పూలు. ఆదిలాబాద్ రోడ్ల వెంట, పొలం గట్ల మీద ఫిబ్రవరి, మార్చి నెలల్లో అడవికి నిప్పంటుకున్నట్టు కనిపిస్తుంది. ఆ పూలు ఉడకబెట్టి తీసిన రంగునీళ్లతోనే పల్లెల్లో కాముని పున్నమి ఆడేవారు, ఇప్పటికీ ఆడే ఊళ్లున్నాయి. ఎర్ర బూరుగ అంతకన్నా ముందే, జనవరి చివరి నుంచే అరచేతంత పూలు విప్పుతుంది. ఆ చెట్ల మీద తెల్లవారుజాము నుంచి గోరువంకల గోల. ఈ పూలు తేనె దాచుకున్నది పిట్టల కోసమే. ఆకు అడ్డం లేకపోతే దూరం నుంచే పిట్టకి కనిపిస్తాయి. పైగా ఇప్పుడు పూస్తేనే ఎండాకాలంలో కాయ ముదిరి, తొలకరికి గింజ నేలమీద ఉంటుంది.

ఊళ్లో కొత్తగా కాలనీ వేసుకునేవాళ్లు గులాబీరంగు టబెబుయాలు తెచ్చి వరుసగా నాటుతున్నారు. అందంగానే ఉంటాయి. కానీ పార్కుకో చెరువుగట్టుకో చోటున్నప్పుడు నాలుగు టబెబుయాల మధ్య ఒక్క మోదుగైనా వేయమని నా మనవి. మోదుగు నెమ్మదిగా పెరుగుతుంది, నేల లోతుకి వేరు దింపుతుంది, అందుకే సంచిలో పెంచి మార్చితే తరచూ చనిపోతుంది. జూన్‌లో కొత్త గింజను ఉండాల్సిన చోటే నాటి, మేకల నుంచి రెండు మూడేళ్లు కాపాడితే ఆ తరువాత ఎవరూ నీళ్లు పోయక్కర్లేదు. బూరుగ చాలా ఎత్తు పెరుగుతుంది, మొదలంతా ముళ్లు. దాన్ని ఇంటికి దూరంగానే పెట్టాలి. ఇంటి ఆవరణలోనే చెట్టు కావాలనుకునేవారికి దేవకాంచనం సరైనది. ఒద్దికగా పెరుగుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో గులాబీ, తెలుపు కలిసిన పూలు కొమ్మలంతా పడతాయి.

ఇక మల్లె. రంగు తెలుపే అయినా వసంతపు తోటలో దాన్ని వదిలేసి మాట్లాడటం కుదరదు. మల్లెకి నీళ్లు కట్టేయడం, ఆకు దూయడం మన తోటమాలులు తరాలుగా చేస్తున్న పని. డిసెంబరు, జనవరుల్లో నీళ్లు పూర్తిగా ఆపి, పొదను మోకాలెత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకులు చేత్తో దూసేస్తారు. చూసేవాళ్లకి చెట్టు చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. ఫిబ్రవరిలో మొదలు చుట్టూ మట్టి తవ్వి, పశువుల ఎరువు వేసి, ఒక్కసారిగా పాదు నిండా నీళ్లు పెడతారు. పది పదిహేను రోజుల్లో ప్రతి కణుపూ చిగురిస్తుంది, ఆ చిగురు కొసల్లో మొగ్గలుంటాయి. మైలవరం ప్రాంతంలో ఎకరాలకొద్దీ సాగుచేసే తోటలకైనా, మేడ మీది ఒక్క కుండీకైనా పద్ధతి ఇదే. కుండీ అయితే నీళ్లు మరీ ఎండగట్టకుండా వారానికి ఒకసారి చెంబుడు పోయాలి, లేకపోతే వేరు మాడుతుంది. మార్చి నుంచి పూత విడతలు విడతలుగా జులై దాకా వస్తుంది. ఒక విడత అయిపోగానే పూసిన కొసలను రెండు కణుపుల మేర తుంచి, మళ్లీ ఎరువు వేసి నీళ్లు పెడితే తరువాతి విడత త్వరగా అందుకుంటుంది.